నా పాత ఫోటోలు ఎందుకు రాలేదు నాయనా?

2021 జనవరి, సంక్రాంతికి వారం ముందు. వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల గ్రూపు ఒకటుంది, అరవై కుటుంబాలు. మామూలుగా పాలు, కరెంటు, పనమ్మాయి, నెల్లూరు వెళ్లే కారులో సీటు ఖాళీ ఉందా లాంటి మాటలే నడుస్తాయి. ఆ వారం మాత్రం ఒకటే టెన్షన్. వాట్సాప్ తెరిస్తే చాలు, కొత్త ప్రైవసీ పాలసీకి ఫిబ్రవరి 8 లోపు ఒప్పుకోవాలని నోటీసు వస్తోంది, మన చాట్లన్నీ ఫేస్‌బుక్ చదువుతుందట అని ఒకరు, ఎలాన్ మస్క్ సిగ్నల్ అనే ఇంకో మెసేజ్ యాప్ వాడమని ట్వీట్ పెట్టాడని ఇంకొకరు, టెలిగ్రామే మేలని మరొకరు. చివరికి, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, ఏం చేయాలో నువ్వే చెప్పు అని నా మీద పెట్టారు.

నేను ప్రైవసీకి పేరున్న ఒక యాప్ చెప్పాను. నలభై మంది దాకా దిగారు. మూడు వారాలు బాగానే నడిచింది. తర్వాత రెండో అంతస్తు ఆంటీకి వాళ్లబ్బాయి కొత్త ఫోన్ కొనిచ్చాడు. ఆవిడ నెల్లూరు నుంచి చెన్నైకి వచ్చి ముప్పై ఏళ్లయినా మాట మాత్రం మారలేదు. ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చి, "ఇదేందో మంచి యాప్ అంటివే, మరి నా పాత ఫోటోలు ఎందుకు రాలేదు నాయనా?" అని అడిగింది.

అది అంతే ఆంటీ, సెక్యూరిటీ కోసం అలా పెట్టారు అన్నాను. అది జవాబు కాదని ఆవిడ ముఖం చూస్తేనే తెలిసింది. వారం తిరక్కుండా ఆవిడ వాట్సాప్‌కి వెళ్లిపోయింది, ఆవిడ వెనకే సగం గ్రూపు వెళ్లిపోయింది. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను, ఎందుకంటే ఈ యాప్‌ల మీద జనానికి వచ్చే కోపాల్లో చాలావరకు ఆ ఒక్క ప్రశ్న దగ్గరే పుడుతున్నాయి. సర్వర్, అంటే మెసేజ్‌లు చేరవేసే కంపెనీ కంప్యూటర్, ఎంత తక్కువ తెలుసుకుంటే మన ఫోన్ అంత ఎక్కువ బరువు మోయాలి. ఈ మాట యాప్‌లు పెట్టే ముందు ఎవరూ మనకు చెప్పరు. నేనూ ఆంటీకి చెప్పలేదు.

టీ నగర్ వెంకటనారాయణ రోడ్డులో తిరుమల దేవస్థానం వాళ్ల గుడి ఉంది కదా, చెన్నైలో ఉండే తెలుగువాళ్లలో ఆ గుడికి వెళ్లనివాళ్లు అరుదు. అక్కడ హుండీ చూడండి. అందులో ఎవరైనా వేయొచ్చు, తీయడం మాత్రం తాళంచెవి ఉన్నవాళ్లకే సాధ్యం. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌కి ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు దొరకలేదు. మీ పేరు మీద ఒక హుండీ ఉంటుంది, మీకు మెసేజ్ పంపేవాళ్లు అందులో వేస్తారు, తాళంచెవి మీ ఫోన్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. మధ్యలో కంపెనీ సర్వర్ చేసేది మోసుకొచ్చే పని, లోపల ఏముందో దానికి తెలియదు. పైగా మెసేజ్ మెసేజ్‌కీ తాళం మారుతూ పోతుంది, ఒకటి ఎవరి చేతికైనా చిక్కినా మిగతావి తెరుచుకోవు. సిగ్నల్ వాళ్లు తయారుచేసిన ఈ పద్ధతినే వాట్సాప్ కూడా తీసుకుని 2016 ఏప్రిల్ నాటికి అన్ని చాట్లకూ పెట్టింది. అంటే 2021లో మా గ్రూపులో భయపడినట్టు ఇద్దరి మధ్య చాట్లు ఫేస్‌బుక్ చదవడం ఆ పాలసీలో లేదు. ఉన్నది వేరు: వ్యాపార సంస్థలతో మాట్లాడే మాటలు, నంబరు, వాడకం వివరాలు ఫేస్‌బుక్, వాట్సాప్ రెండింటికీ యజమాని అయిన పెద్ద కంపెనీతో (ఇప్పటి పేరు మెటా) పంచుకోవడం. 2016లో ప్రకటనల కోసం నా వివరాలు ఇవ్వకండి అని చెప్పుకునే వీలు కొన్నాళ్లపాటైనా ఇచ్చారు, 2021లో అదీ లేదు, ఒప్పుకో లేదా మానుకో అన్నారు. కంపెనీల పోటీ న్యాయంగా ఉందో లేదో చూసే మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబర్‌లో మెటాకి 213 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది ఈ బలవంతానికే. జనానికి కారణం సరిగ్గా తెలియలేదు గానీ, అనుమానం మాత్రం న్యాయమైనదే.

ఇక ఆంటీ ఫోటోలు. సర్వర్ మోసుకొచ్చేదే తప్ప దాచిపెట్టేది కాదు, మీ ఫోన్‌కి చేరగానే దాని దగ్గరున్నది చెరిగిపోతుంది. కొత్త ఫోన్ వెళ్లి అడిగితే ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. కొత్తగా గ్రూపులో చేరినవాళ్లకు పాత మాటలు కనిపించకపోవడానికీ ఇదే కారణం, ఆ మెసేజ్‌లు పంపిన రోజు వాళ్ల హుండీలో ఎవరూ వేయలేదు. మా గ్రూపులో దీని మీద కూడా విసుగు మొదలైంది, ప్లంబర్ నంబరు నిన్ననే పెట్టాను కదా అని ఒకరు, నాకేమీ కనిపించట్లేదు అని కొత్తగా వచ్చినవాళ్లు.

టెలిగ్రామ్‌లో ఈ బాధ ఉండదు. ఏ ఫోన్లో తెరిచినా ఏళ్లనాటివి కూడా వచ్చేస్తాయి, గ్రూపు నడిపేవాళ్లు ఒప్పుకుంటే ఈ రోజు చేరినా గతమంతా చదువుకోవచ్చు. ఎందుకంటే అవన్నీ కంపెనీ సర్వర్ల మీదే ఉంటాయి, తెరిచే తాళంచెవులూ కంపెనీ దగ్గరే ఉంటాయి. సీక్రెట్ చాట్ అని విడిగా ఒకటుంది, అది ఇద్దరి మధ్యే, గ్రూపులకు లేదు, మొదలుపెట్టిన ఫోన్లోనే ఉంటుంది. మనవాళ్లలో చాలామంది టెలిగ్రామ్ అంటే వాట్సాప్ కన్నా రహస్యం అనుకుంటారు, ఇది నాకు నిజంగా బాధ కలిగించే పొరపాటు. టెలిగ్రామ్ సౌకర్యంగా ఉండటానికీ, మామూలు చాట్ అంత రహస్యం కాకపోవడానికీ కారణం ఒక్కటే.

వాట్సాప్ మధ్యే మార్గంలో వెళ్లింది, అక్కడ ఇంకా పెద్ద చిక్కు ఉంది. చాట్ కాపీ రోజూ గూగుల్ డ్రైవ్‌కో, ఐక్లౌడ్‌కో పోతుంది, కొత్త ఫోన్లో దించుకుంటే అన్నీ వస్తాయి, ఆంటీకి నచ్చింది అదే. కానీ మెసేజ్‌కి వేసిన తాళం ఆ కాపీకి వేయలేదు. 2016లో చాట్లకు తాళం వచ్చింది, బ్యాకప్‌కి తాళం వేసుకునే వీలు 2021 అక్టోబర్‌లో వచ్చింది. మధ్యలో ఐదేళ్లకు పైగా బీరువాకి తాళం వేసి, అందులోని నగలకు జోడీ చేయించి పక్కింట్లో పెట్టినట్టే జరిగింది. ఇప్పటికీ ఆ తాళం మనంతట మనం సెట్టింగ్స్‌లోకి వెళ్లి పెట్టుకోవాల్సిందే. చాట్స్, అందులో చాట్ బ్యాకప్, అందులో ఉంటుంది, పాస్‌వర్డ్ అయినా, 64 అంకెల తాళంచెవి అయినా పెట్టుకోవచ్చు. బ్లూ టిక్ వచ్చినప్పుడు దేశమంతా గోల పెట్టింది గానీ, దీని గురించి మా గ్రూపులో ఒక్కరు కూడా ఒక్క మాట అనలేదు. కళ్లకు కనిపించే మార్పు మీద జనం కోప్పడతారు, సౌకర్యం వెనక దాక్కున్న లోటు ఎవరి కంటా పడదు.

సిగ్నల్ ఇంకో చివర ఉంది. ఆండ్రాయిడ్ వాళ్లు ఫోన్లోనే ఒక బ్యాకప్ ఫైలు తయారుచేసుకుని 30 అంకెల నంబరు రాసి దాచుకోవాల్సి వచ్చేది, ఐఫోన్ వాళ్లకైతే పాత ఫోన్ బతికుండి పక్కనే ఉంటేనే కొత్తదానికి మార్చుకోవడం కుదిరేది. ఆ ఫైలు వేరేచోట కూడా దాచుకోకపోతే ఫోన్‌తో పాటే అంతా పోయేది. ఏళ్ల తరబడి వాడేవాళ్లు దీని మీద అడుగుతూనే ఉన్నారు, చివరికి 2025 సెప్టెంబర్‌లో ఆండ్రాయిడ్‌తో మొదలుపెట్టి తాళం వేసిన బ్యాకప్ ఇచ్చారు. మాటలన్నీ, 45 రోజుల ఫోటోలూ ఉచితం, అంతకు మించి కావాలంటే నెలకు దాదాపు రెండు డాలర్లు. 64 అక్షరాల రికవరీ కీ ఇస్తారు, అది పోగొట్టుకుంటే వాళ్లు కూడా ఏమీ చేయలేరు. ఇంత ఆలస్యం చేయడం తప్పని నేను అనుకుంటాను. తాళంచెవి లేకుండా ఎవరూ తెరవలేని బ్యాకప్ కట్టడం కష్టమే, ఒప్పుకుంటాను, కానీ ఇన్నేళ్లలో ఎంతమంది ఎన్ని మాటలు పోగొట్టుకుని ఉంటారో.

నేనూ పోగొట్టుకున్నాను. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానుకి వేళచ్చేరి మునిగినప్పుడు మా సెల్లార్లో నడుము లోతు నీళ్లు, బైక్ ఎత్తబోయి ఫోన్ నీళ్లలో పడేసుకున్నాను, మళ్లీ లేవలేదు. అందులో మా అక్కతో మూడేళ్ల చాట్ ఉంది. అక్క వేరే దేశంలో ఉంటుంది, ఆవిడకు బాగా కష్టకాలం నడిచిన రోజులవి, రాత్రి రెండింటికీ మూడింటికీ రాసుకున్న మాటలు. కరెంటు లేని నాలుగు రోజులూ నాకు ఇల్లు తుడవడం కన్నా అదే ఎక్కువ బాధగా ఉండింది. తర్వాత తెలిసింది, అక్క ఫోన్లో అన్నీ అలాగే ఉన్నాయి. ఒక మెసేజ్ రెండు చోట్ల బతుకుతుంది కదా, నా తాళంచెవి పోయినా అక్క దగ్గరిది పోలేదు. ఆవిడ కొన్ని స్క్రీన్‌షాట్లు తీసి పంపింది, కొన్ని కావాలనే పంపలేదు. అవి చదివి మళ్లీ ఏడవాలనిపించలేదురా అంది.

ఫోన్ నంబర్ సంగతి కూడా ఇలాంటిదే. వాట్సాప్ ఇంత త్వరగా పాకడానికి కారణం నంబరే, ఖాతా పేరు లేదు, పాస్‌వర్డ్ లేదు, ఫోన్లో ఉన్న కాంటాక్టులే మన లోకం. మరి అదే నంబర్ గ్రూపులో అందరికీ కనిపిస్తుంది. మా గ్రూపులోనే ఒక అమ్మాయికి, కొత్తగా అద్దెకు దిగినవాడెవడో గ్రూపులోంచి నంబర్ తీసుకుని రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపడం మొదలుపెట్టాడు, అమ్మాయి గ్రూపు వదిలేసింది, దాంతో నీళ్ల ట్యాంకర్ వచ్చే టైము కూడా తెలియకుండా పోయింది. వాడి తప్పుకి ఈ అమ్మాయి బయటకు పోవాల్సి వచ్చింది. సిగ్నల్ 2024 ఫిబ్రవరిలో యూజర్‌నేమ్ తెచ్చి, మన నంబర్ సేవ్ చేసుకోనివాళ్లకు అది కనిపించకుండా చేసింది. ఖాతా తెరవడానికి మాత్రం నంబర్ కావాల్సిందే. అది కూడా ఎందుకు అని అడిగేవాళ్లున్నారు, అడగాల్సిన మాటే, కానీ నంబర్ అడ్డు తీసేస్తే వేలకొద్దీ దొంగ ఖాతాలు పుట్టడం చాలా చౌక అయిపోతుంది. నంబరుకూ ఖర్చుంది: సిగ్నల్ 2023లో బయటపెట్టిన లెక్కల్లో, కొత్తవాళ్లకు ఓటీపీలు పంపడానికే ఏడాదికి 60 లక్షల డాలర్లు పోతున్నాయి, సర్వర్ల ఖర్చు దానిలో సగం కూడా లేదు.

అదే సిగ్నల్ 2022 అక్టోబర్‌లో ఆండ్రాయిడ్‌లో మామూలు ఎస్సెమ్మెస్ పంపే వీలు తీసేస్తున్నాం అన్నప్పుడు అమెరికా, యూరప్‌లలో చాలామందికి కోపం వచ్చింది, మా అమ్మ చేత ఈ యాప్ వాడించిందే దాని కోసం కదా అన్నారు. ఒకే తెరమీద తాళం ఉన్న మెసేజ్, లేని మెసేజ్ రెండూ ఉంటే జనం పొరపడతారన్నది సిగ్నల్ చెప్పిన కారణం. మన దగ్గర ఎవరూ గమనించను కూడా లేదు, మనకు ఎస్సెమ్మెస్ అంటే బ్యాంకు ఓటీపీలు, రీచార్జి గుర్తుచేసేవి, అంతే.

మన దేశం కోసమే పుట్టిన ఫీచర్ ఒకటుంది, దాని వెనక చావులున్నాయి. 2018 మే నెలలో చెన్నై నుంచి కులదైవం గుడి వెతుక్కుంటూ తిరువణ్ణామలై జిల్లాకు వెళ్లిన ఒక పెద్దావిడను, దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిందని, పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లని అనుకుని ఊరివాళ్లు కొట్టి చంపారు. పిల్లల దొంగలు తిరుగుతున్నారని అప్పటికే వాట్సాప్‌లో ఫార్వార్డులు తిరుగుతున్నాయి. ఆ జూలైలో మహారాష్ట్ర ధూలే జిల్లాలో ఇలాగే ఐదుగురు చనిపోయారు. అప్పుడు వాట్సాప్ ఫార్వార్డ్ అని గుర్తు పెట్టింది, ఇండియాలో ఒకసారికి ఐదు చాట్లకే అని పరిమితి పెట్టింది, 2019 జనవరిలో అది ప్రపంచమంతా చేసింది, 2020 ఏప్రిల్‌లో బాగా తిరిగిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే అంది. ఆ చివరి మార్పు తర్వాత అలాంటి ఫార్వార్డులు 70 శాతం తగ్గాయని కంపెనీ చెప్పింది. లోపలేముందో చదవకుండా ఎలా లెక్కపెడతారు అని చాలామంది నన్ను అడిగారు. చదవరు. ఫార్వార్డ్ చేసిన ప్రతిసారీ మెసేజ్‌తో పాటు వెళ్లే ఒక లెక్క పెరుగుతుంది, అది ఐదుకు చేరితే రెండు బాణాల గుర్తు వస్తుంది, ఆ పని ఫోన్లోనే జరుగుతుంది. మా గ్రూపులో పెద్దవాళ్లు విసుక్కున్నారు, భక్తి మెసేజ్ నలుగురికి పంపుకోవడానికి కూడా వీల్లేదా అని. నేను మాత్రం ఈ ఒక్క విషయంలో కంపెనీ వైపే ఉంటాను. ఒక్కసారిలో అయ్యే పని ఐదు సార్లు చేయాల్సి రావడం మంచిదే.

ఆ కేసుల నుంచే ఇంకో కోరిక పుట్టింది, మొదట పంపింది ఎవరో చెప్పు అని. అది నడిచింది మన మద్రాస్ హైకోర్టులోనే. సోషల్ మీడియా ఖాతాలకు ఆధార్ జతచేయాలని 2018లో మొదలైన పిటిషన్, తర్వాత మెసేజ్ మూలం పట్టుకోవడం మీదకు మళ్లింది. 2019లో ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ వి. కామకోటి, ఇప్పుడు అక్కడ డైరెక్టర్, ప్రతి మెసేజ్‌తో మొదట పంపినవారి గుర్తు కూడా పంపవచ్చు, ఎన్‌క్రిప్షన్ తీయక్కర్లేదు అని కోర్టుకు చెప్పారు. ఐఐటీ బాంబే ప్రొఫెసర్ మనోజ్ ప్రభాకరన్ దీన్ని ఒప్పుకోలేదు, తప్పు చేసేవాడు ఆ గుర్తును తప్పించుకోగలడు, ఇరుక్కునేది మామూలువాళ్లే అన్నారు. కేసు సుప్రీంకోర్టుకు పోయింది, ఈలోపు 2021 ఐటీ నిబంధనల్లో కేంద్రం అదే అడిగింది, వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, 2024 ఏప్రిల్‌లో వాళ్ల లాయరు ఎన్‌క్రిప్షన్ విరగ్గొట్టమంటే వాట్సాప్ వెళ్లిపోతుంది అనే దాకా వచ్చింది. ఆ పెద్దావిడను తలుచుకుంటే ఆ మెసేజ్ పుట్టించినవాడు దొరకాలనే నాకూ అనిపిస్తుంది. కానీ ఒక ఆడమనిషి ఆఫీసులో తనకు జరిగింది స్నేహితురాలికి రాస్తే, అది నాలుగు చేతులు మారి బయటకొస్తే, మూలం ఎవరు అని వెతికేది కూడా ఈ ఏర్పాటుతోనే. ఒక్క మెసేజ్‌కి గుర్తు పెట్టాలంటే అన్ని మెసేజ్‌లకూ పెట్టాలి, ఏది తప్పుడు మెసేజో ముందే తెలియదు కాబట్టి. అందుకే నేను దీనికి ఒప్పుకోలేను.

2025 సెప్టెంబర్‌లో మా గ్రూపు మళ్లీ కదిలింది. ఈసారి మన చెన్నై కంపెనీ జోహో వాళ్ల అరట్టై. పేరు వినగానే తమిళం తెలిసినవాళ్లందరికీ నవ్వొచ్చింది, అరట్టై అంటే కబుర్లు. 2021 నుంచీ ఉన్నదే, కేంద్ర మంత్రులు స్వదేశీ యాప్ వాడండి అనగానే రోజుకు 3,000 మంది చేరేది మూడు రోజుల్లో 3.5 లక్షలైందని జోహో పెట్టిన శ్రీధర్ వెంబు చెప్పారు. మా వాళ్లు గర్వంగా దిగారు, గూడువాంచేరి దగ్గర ఆ ఆఫీసులో పనిచేసే కుర్రాడొకడు మా మూడో బ్లాకులోనే ఉంటాడు. వారం తర్వాత, ఇందులో కాల్స్‌కి ఎన్‌క్రిప్షన్ ఉంది గానీ మామూలు మెసేజ్‌లకు లేదట కదా అని ప్రశ్న వచ్చింది. నాకు సంతోషం కలిగించింది ఏమిటంటే, ఈసారి ఆ ప్రశ్న అడిగింది నేను కాదు, రిటైరైన బ్యాంకు మేనేజర్ గారు. దేశమంతా జనం అదే అడిగారు, నవంబర్‌లో ఇద్దరి మధ్య చాట్లకు అది వచ్చింది. వాడేవాళ్ల మాటకు ఒక యాప్ ఇంత త్వరగా కదలడం మంచి సంగతి. గ్రూపు మాత్రం మళ్లీ వాట్సాప్‌కే వచ్చింది, పాలవాడు అక్కడే ఉన్నాడు, స్కూలు బస్సు డ్రైవర్ అక్కడే ఉన్నాడు.

మిగతావి నాకు చిన్న విషయాలే. 2014 నవంబర్‌లో బ్లూ టిక్ పెట్టి, గోల కాగానే ఆపుకునే వీలు ఇచ్చారు. 2017లో పాత రాత స్టేటస్ తీసి ఫోటోల స్టేటస్ పెట్టి, జనం అడిగితే నెలలోపే పాతది కూడా తెచ్చారు. పంపింది చెరిపేయడానికి మొదట ఏడు నిమిషాలే, ఇప్పుడు రెండు రోజుల పైన. ఇవన్నీ మన ఇద్దరి మధ్య మర్యాదల సంగతి, సర్వర్ ఏమి చూస్తుందన్నది వీటితో మారదు. వాట్సాప్‌లో మనం అడిగినవాటికి జవాబులు రాసే మెటా ఏఐ గుండ్రటి బొమ్మ మాత్రం అలా కాదు. దాన్ని తీసేసే వీలు ఇవ్వకపోవడం మీద ఇక్కడా, యూరప్‌లోనూ వచ్చిన కోపం సరైనదే అనుకుంటాను, ఎందుకంటే మన చాట్లకు తాళం అలాగే ఉన్నా, ఆ బొమ్మకు మనం రాసేది నేరుగా కంపెనీకే రాసినట్టు, ఆ తేడా ఆంటీలాంటి వాళ్లకు ఎవరు చెబుతారు?

పోయిన నెల ఆంటీకి వాళ్లబ్బాయి మళ్లీ కొత్త ఫోన్ కొనిచ్చాడు. ఈసారి పాత ఫోన్ ఇచ్చేయకముందే నేను వెళ్లాను. ముందు హుండీ సంగతి చెప్పాను. మొత్తం విని, "అంటే తాళంచెవి నా దగ్గరే ఉంటది, పోగొట్టుకుంటే దేవుడు కూడా తెరవలేడంటావు, అంతేనా?" అంది. అంతే ఆంటీ అన్నాను. ఆవిడ పూజ గదిలోంచి పంచాంగం తెచ్చి, వెనక అట్ట లోపలి వైపు, నేను నాలుగేసి అంకెల చొప్పున చదువుతుంటే, వాట్సాప్ బ్యాకప్ తాళంచెవి 64 అంకెలూ పెన్నుతో రాసుకుని, రెండోసారి నాతో చదివించి సరిచూసుకుంది. ఉగాదికి కొత్త పంచాంగం వస్తది కదా, అప్పుడు దీన్ని పారేయకూడదు అని కోడలికి కూడా చెప్పింది.